బిలోలి బోరు నీళ్ళలో మా చాయ్

నేను పత్తి అమ్మి బతికానంటే మా చుట్టాలు చాలాకాలం తెల్ల పత్తి అనుకున్నారు. నాందేడ్ చుట్టుపక్కల పొలాల్లో పండేది అదే కాబట్టి వాళ్ళ తప్పేమీ లేదు. కానీ మా దగ్గర టీ పొడిని కూడా పత్తి అనే అంటారు, చాపత్తి. నేను అమ్మింది అది. మరాఠీ బడిలో చదువుకుని, ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగిన నన్ను కలకత్తాకు చెందిన ఒక టీ కంపెనీ సేల్స్‌మన్‌గా తీసుకుంది. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను.

ఈ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి, టార్గెట్ ఎలా కొట్టాలో చెప్పమని అడుగుతుంటారు. అది నాకు అంత బాగా తెలియదు. టార్గెట్‌ను ఎలా పోగొట్టుకోవచ్చో మాత్రం చాలా బాగా తెలుసు. అందుకని అదే చెప్తాను.

తొంభైల చివరి మాట. నాందేడ్‌లో మా డిపో అంటే ఒక గోదాము, ఒక జీపు, నలుగురు మనుషులు. మేనేజరు, ఇద్దరు సేల్స్‌మన్లు, డ్రైవరు. మేనేజరు పుణె వైపు మనిషి. చొక్కా ఇస్త్రీ సాయంత్రానికి కూడా నలిగేది కాదు. మంచివాడే, కానీ కాగితం మీద రాసి ఉంటేనే ఆయనకు అది నిజం. నోటితో చెప్తే పుకారు. డ్రైవరు నాందేడ్ పాతబస్తీవాడు, నాకంటే పెద్దవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. జర్దా పాన్ లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు.

ఆ రోజుల్లో మా వ్యాపారం నెలనెలా దిగజారిపోతోంది. మన దేశపు టీని ఎక్కువగా కొనే సోవియట్ దేశం అంతకు కొన్నేళ్ళ ముందే ముక్కలైంది. అటు వెళ్ళాల్సిన పొడి ఇక్కడి వేలంపాటల్లోకే వచ్చి పడుతోంది. ధర పడిపోయింది. దాంతో ఊరూరా కిరాణా కొట్లో గోనెసంచి మూతి తెరిచి, విడిగా తూచి అమ్మే ఖుల్లా పత్తి రాజ్యమేలింది. కొందరు అందులో రంగు కలిపేవారు, కొందరు వాడేసిన పొడి ఎండబెట్టి కలిపేవారు. అయినా చవక. మా రంగు పాకెట్ వైపు చూసేవాళ్ళు తగ్గిపోయారు.

అప్పుడు హెడ్డాఫీసు చిన్న ఊళ్ళ కోసమే ఒక కొత్త పాకెట్ తయారుచేసి పంపింది. తక్కువ ధర, మంచి వాసన. ఊళ్ళ సంతల్లో స్టవ్ పెట్టి, చాయ్ కాచి, జనానికి ఉచితంగా పోసి చూపించమన్నారు. ఆ పని నాకు అప్పగించారు.

ఇక్కడే నా తెలివి పనిచేసింది. సంతలో నీళ్ళ కోసం ఎవర్నో బతిమాలాలి, అవి ఎలాంటివో తెలియదు, కంపెనీ పరువు సమస్య అనుకుని, నాందేడ్ నల్లా నీళ్ళు పెద్ద డబ్బాల్లో నింపి జీపులో వేసుకుపోయేవాణ్ణి. గోదావరి నీళ్ళు, వడపోసినవి. బిలోలి సంతలో, కుండల్‌వాడి సంతలో, ఇస్లాపూర్ దాకా తిరిగాను. ఎక్కడ పోసినా జనం రెండో కప్పు అడిగారు. మేనేజరుకు నా శుభ్రత నచ్చింది. సేల్స్‌మన్లందరూ ఇలాగే సొంత నీళ్ళు తీసుకెళ్ళాలని హెడ్డాఫీసుకు రాస్తే, అక్కడి నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం డిపో గోడకు అతికించారు. తర్వాత దాన్ని పీకడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ.

రెండు నెలలు పాకెట్లు చకచకా అమ్ముడుపోయాయి. మూడో నెల తిరిగి రావడం మొదలుపెట్టాయి. బిలోలి నుంచి ఒక పెట్టె, కుండల్‌వాడి నుంచి రెండు. చాయ్ చప్పగా ఉందట. రంగు రావడం లేదట. మేమేమో ఖుల్లా పత్తి వ్యాపారులు గిట్టక చేస్తున్న ప్రచారం అనుకున్నాం. అలా అనుకోవడం హాయిగా ఉంటుంది.

బిలోలి బస్టాండు ఎదుట ఒక చాయ్ హోటల్ ఉండేది. నడిపేది ఒక తెలుగావిడ, నాకంటే పదేళ్ళు పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. తహసీలు ఆఫీసు, కోర్టు గుమస్తాలంతా ఆమె దగ్గరే తాగేవారు. సంతలో నేను పోసిన చాయ్ తాగి, నా మాట మీద ఖుల్లా పత్తి మానేసి, మొత్తం మా పాకెట్‌కే మారిపోయిన మనిషి ఆమె. ఒక పొద్దున ఆమె హోటల్‌కు వెళ్తే బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎదురు హోటల్లో మాత్రం నిలబడి తాగుతున్నారు.

"రా తమ్మీ, కూసో," అంది. ఏమీ అడగకుండానే చాయ్ పోసి నా ముందు పెట్టింది. "తాగు."

మట్టి రంగులో ఉంది. పైన సన్నటి పొర. ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాను.

"గిది మా పత్తి గాదక్కా."

ఆమె పొయ్యి పక్కనున్న పాకెట్ తీసి బల్ల మీద పెట్టింది. మాదే.

"సంతల నువ్వు పోసిన చాయ్ గిట్ల లేకుండె. ఆ దినం అండ్ల ఏం కలిపినవు?"

"ఏం కలపలే. పాలు, చక్కెర, పత్తి, నీళ్ళు."

"నీళ్ళు ఏడికెల్లి తెచ్చినవు?"

"నాందేడ్ కెల్లి."

పొంగుతున్న గిన్నెను పట్టకారతో దించి నా వైపు తిరిగింది. "గట్లనా. మల్ల పాకెట్‌కు ఒక్కో నీళ్ళ డబ్బా గూడ ఇయ్యమను మీ కంపెనీని."

బయట జీపుకు ఆనుకుని ఉన్న డ్రైవర్ భాయ్ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"మా బోరు నీళ్ళల్ల పప్పే ఉడుకది తమ్మీ," అందామె, ఈసారి మెల్లగా. "పొద్దుగాల పెడితె మాపటికి గూడ పలుకు పలుకే ఉంటది. గసోంటి నీళ్ళల్ల నీ నాజూకు పత్తి ఏం రంగిస్తది? ఏండ్ల సంది అస్తున్న గిరాకంత గా ఎదురుకు పోయింది. కోర్టు బాబులు గూడ నా మొకం చూడకుంట దాటిపోతుండ్రు. నీ మాట ఇన్నందుకు."

ఆమె అరిచి ఉంటే సమాధానం చెప్పుకునేవాణ్ణి. ఆమె అరవలేదు. నేను ఆ కప్పు పూర్తిగా తాగి, మళ్ళీ వస్తానని చెప్పి లేచాను. తిరుగు ప్రయాణంలో భాయ్ అన్నాడు, "నవ్విన గానీ, ఆ డబ్బాలు మోసింది నేనే గద. నాగ్గూడ సమజ్ కాలే."

మేనేజరుకు చెప్తే నమ్మలేదు. "సరుకు అమ్ముడుపోలేదని నీళ్ళ మీద నెడితే హెడ్డాఫీసు వాళ్ళు ఏమంటారు?" అన్నాడు మరాఠీలో. అని, సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి చూపించాడు. దీపావళిలోపు పరిస్థితి మారకపోతే నాందేడ్ డిపో ఎత్తేస్తారట. మమ్మల్ని ఎక్కడ వేస్తారో, అసలు వేస్తారో లేదో అందులో లేదు.

కలకత్తాలో మా కంపెనీ టేస్టర్ ఒకాయన ఉండేవాడు. రోజుకు వందల కప్పుల చాయ్ రుచి చూసి, ఏ తోట పొడిలో ఏ తోట పొడి కలపాలో తేల్చే పెద్దాయన. మా పాకెట్ ఆయన చేతుల్లోనే తయారైంది. నేను తెగించి నేరుగా ఆయనకే ఉత్తరం రాశాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. పైవాళ్ళను దాటి రాయడం మా కంపెనీలో నేరం. రాసింది బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్ళి వచ్చేసరికి అందులో స్పెల్లింగ్ తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది ఉన్నాయి. ఎర్ర పెన్ను డిపోలో ఒకరి దగ్గరే ఉండేది. మేనేజరు ఏదో ఫైలులో తల దూర్చి, "నేనేమీ చూడలేదు," అన్నాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. ఒకే వాక్యం. ఆ నీళ్ళు పంపండి.

బిలోలి వెళ్ళి, అక్క హోటల్ బోరు నుంచి రెండు డబ్బాలు నింపుకుని నాందేడ్ స్టేషన్ పార్శిల్ ఆఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడి గుమస్తా కుండల్‌వాడి మనిషి, మన తెలుగే.

"డబ్బల ఏమున్నది?"

"నీళ్ళు."

"ఏం నీళ్ళు?"

"బోరు నీళ్ళు. కలకత్తాకు పంపాలె."

ఆయన పెన్ను కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "గంగ ఒడ్డున్న ఊరికి మనం బోరు నీళ్ళు పంపుడేంది అన్నా? ఉత్త నీళ్ళని రాస్తే పైనోడు నా పానం తీస్తడు. గోదావరి జలమని రాస్త. ఏమంటవు?"

పని జరిగితే చాలనుకుని సరేనన్నాను. ఆయన డబ్బాల మీద పెద్ద పెద్ద అక్షరాలతో, మూడు భాషల్లో, గోదావరి పవిత్ర జలం అని రాశాడు. పవిత్ర అన్నది ఆయన సొంతంగా చేర్చింది.

ఈసారి జవాబు రెండు వారాలకు వచ్చింది, కొంచెం పొడుగ్గా. "మీరు పంపిన జలం అందింది. నేను తోటలకు వెళ్ళి ఉండగా మా ఆఫీసు సిబ్బంది దాన్ని భక్తితో తీర్థంగా తీసుకుని, మిగిలింది ఇళ్ళకు పట్టుకుపోయారు. ఉప్పగా ఉందని, అందుకే మహిమ ఎక్కువని చెప్పుకుంటున్నారు. రెండోసారి పంపినా ఇదే జరుగుతుంది. నేనే వస్తున్నాను."

మేనేజరు ఆ ఉత్తరం చదివి, నేను ఆయన్ను చూసిన అన్నేళ్ళలో మొదటిసారి, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు.

టేస్టర్ వచ్చిన రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు. సామాను తక్కువ, చిన్న చిన్న రేకు డబ్బాలున్న చెక్కపెట్టె ఒకటి మాత్రం వదలకుండా పట్టుకున్నాడు. జీపు ఎక్కబోయి ఆగిపోయాడు. జర్దా వాసన. అది ముక్కుకు తగిలితే ఆ రోజుకు నాలుక పనిచేయదట. భాయ్ వెళ్ళి పాన్ ఉమ్మేసి, నోరు కడుక్కుని, జీపంతా తడిగుడ్డతో తుడిచి వచ్చాడు. "ఒక్క దినమే గద," అన్నాడు నాతో. ఆయన ముఖం చూస్తే ఉపవాసం ఉన్నవాడి ముఖంలా ఉంది.

దారిలో పెద్దాయన హిందీలో తోటల సంగతి చెప్పాడు. నెల కిందట ఆయన వెళ్ళిన ఒక తోటలో ఫ్యాక్టరీకి తాళం వేసి ఉందట. ఆకు కోసే ఆడవాళ్ళు గేటు దగ్గర కూర్చుని ఉన్నారట. ఒకామె ఈయన్ను గుర్తుపట్టి, మా ఆకు బాగుంటుందని మీరే అన్నారు కదా బాబూ, మరి ఎందుకు కొనడం లేదని అడిగిందట. "అది దుమ్ములా సన్నగా, ఘాటుగా ఉండే పొడి. సోవియట్ వాళ్ళకు పోయేది. మన పాకెట్లలో నాజూకుదనం కోసం దాన్ని నేనే పక్కన పెట్టాను," అన్నాడు.

అక్క హోటల్లో ఆయన బల్ల మీద తెల్ల కప్పులు వరసగా పేర్చాడు. అక్కడి బోరు నీళ్ళు మరిగించి, ఒక్కో డబ్బాలోని పొడి వేసి, పాలు లేకుండా దించాడు. చెంచాతో తీసి, వీధి చివరిదాకా వినిపించేలా జుర్రున పీల్చి, నోట్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మాడు. రెండోది. మూడోది. గుమ్మం దగ్గర జనం పోగయ్యారు.

అక్క నన్ను వెనక్కి పిలిచింది. "ఏంది తమ్మీ గిది? నా హోటల్ల కూసుండి నా ముంగటనే ఉమ్ముతుండు. గంత పాడుగున్నదా?"

"గాయన పనే గదక్కా. అన్ని మింగితె మాపటికి వంద కప్పులైతయి."

"సరే ఉమ్మనియ్యి. పాలు లేకుంట ఎందుకు చూస్తుండు? గసోంటి చాయ్ మేము జొరమొచ్చినోళ్ళకు పోస్తం."

ఆ మాట చెప్పాలా వద్దా అని తటపటాయించి, హిందీలో చెప్పాను. పెద్దాయన చెంచా కింద పెట్టాడు. "నిజమే. ఇక్కడ ఎవరూ తాగని చాయ్‌ని నేనెందుకు చూస్తున్నాను?" కప్పులన్నీ పక్కకు జరిపి, చొక్కా చేతులు మడిచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ తర్వాత నాకు తర్జుమా చేసే పని పెద్దగా పడలేదు. ఆయన న్యూస్‌పేపర్ మీద పొడులు కలిపేవాడు, ఆమె పాలూ చక్కెరా వేసి తన పద్ధతిలో మరిగించేది. ఆయన హిందీ, ఆమె తెలుగు. ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. గుమ్మం దగ్గరున్న వాళ్ళు లోపలికొచ్చారు. కోర్టు గుమస్తాలొచ్చారు. ప్రతి మిశ్రమానికీ తలా ఒక గుక్క, తలా ఒక తీర్పు. ఒకాయన రంగు తక్కువన్నాడు, ఇంకొకాయన వగరన్నాడు. వాదన ముదిరి ఇద్దరు గుమస్తాలు కోర్టులో కంటే గట్టిగా మాట్లాడుకున్నారు. ఎదురు హోటలాయన కూడా ఎంతసేపని ఖాళీ బల్లలు చూస్తాడు, రోడ్డు దాటి వచ్చి, "నాగ్గూడ ఓ గుక్క పొయ్యి వదినె," అన్నాడు. ఆమె పోసింది.

మధ్యాహ్నం దాటింది. ఒక మిశ్రమం దగ్గర పెద్దాయన బాగుందన్నట్టు తల ఊపాడు. రంగు వచ్చింది, పైన పొర లేదు. అక్క మాత్రం ఒప్పుకోలేదు.

"నోట్లున్నంత సేపు బాగనే ఉన్నది. గొంతుల దిగినంక ఏం లేదు. దిగినంక గూడ యాదికుండాలె. ఉమ్మేసేటాయనకు గది ఎట్ల తెలుస్తది?"

నేను హిందీలో చెప్పాను. పెద్దాయన పెట్టె అడుగు నుంచి ఇంతవరకు తెరవని డబ్బా ఒకటి తీశాడు. దుమ్ములా సన్నటి నల్ల పొడి. అది ఏ తోటదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రెండు చెంచాలు ఎక్కువే కలిపి ఆమెకిచ్చాడు. ఆమె మరిగించి, వడపోసి, గ్లాసు ఆయన చేతికిచ్చింది.

ఆయన జుర్రాడు. నోట్లో తిప్పాడు. అలవాటుగా బకెట్ వైపు వంగాడు. ఆగాడు. నిటారుగా నిలబడి మింగాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, గ్లాసులో మిగిలింది మామూలు మనిషిలా గడగడా తాగేసి, ఖాళీ గ్లాసు అక్క ముందు పెట్టాడు. ఇంకొకటి పొయ్యమని.

అక్క తనూ ఒక గుక్క తాగి, "ఆఁ, గిది చాయ్," అంది. గుమస్తాలు బల్లలు చరిచారు. భాయ్ అయితే రెండు గ్లాసులు తాగి, పాన్ సంగతి సాయంత్రందాకా మర్చిపోయాడు.

ఆ మిశ్రమంతో పాకెట్ రెండు నెలల్లో వచ్చింది. పాకెట్ మూలన చిన్న చేతిపంపు బొమ్మ వేయించాలని నేను అడిగాను. మేనేజరు మొదట వద్దన్నాడు, తర్వాత ఎర్ర పెన్నుతో తనే బొమ్మ గీసి పంపాడు. మా దగ్గర చేతిపంపును బోరింగ్ అంటారు. జనం ఆ పాకెట్‌కు బోరింగు చాపత్తి అని పేరు పెట్టేశారు. ఇంగ్లీషు వచ్చిన హెడ్డాఫీసు వాళ్ళు, తమ సరుకును బోరు కొట్టే టీ అంటున్నారనుకుని కంగారుపడి ఫోన్ చేశారు. ఉప్పునీళ్ళున్న ఊళ్ళన్నిటికీ అది వెళ్ళింది. ఖుల్లా పత్తి ఎక్కడికీ పోలేదు, ఈరోజుకూ ఉంది. మేము ప్రపంచాన్నేమీ జయించలేదు. కానీ డిపో నిలబడింది, నలుగురం ఉన్నచోటే ఉన్నాం, అక్క బల్లలు నిండాయి. రెండేళ్ళకు పెద్దాయన రిటైరవుతూ రాసిన ఉత్తరంలో, ఆ నల్ల పొడి తోట గేటు మళ్ళీ తెరిచారని ఒక ముక్క ఉంది. మా పాకెట్ వల్లనే అని ఆయన అనలేదు. నేను అనుకోవడానికి అభ్యంతరం లేదు కదా.

నీళ్ళ డబ్బాలు జీపులో వేయడం టేస్టర్ వచ్చిన రోజుతో మానేశాను. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి నీళ్ళే అడిగి తీసుకున్నాను. అడిగితే ఎవరూ లేదనలేదు. మీరూ అడగండి, సగం పరిచయం అక్కడే అవుతుంది.

ఇక చివరిది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఒక పొద్దున డిపోకు అక్క నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి ఆమె హోటల్లో ఫోన్ పెట్టించుకుంది.

"తమ్మీ, మీ పత్తి మల్ల పాడైంది."

"ఏమైందక్కా?"

"గొంతు కోస్తుంది. కషాయం లెక్కున్నది. గుమస్తాలు మొకాలు ముడుస్తుండ్రు." ఆమె ఆగింది. ఆపుకోలేని నవ్వు ఫోన్‌లో వినిపించింది. "మాకు నది నీళ్ళ నల్లాలు అచ్చినయి తమ్మీ. నిన్న మాపటికెల్లి. పప్పు అర్ధగంటల మెత్తగైంది. ఊరంత పప్పే అండుకుంటున్నరు."

నేను కష్టపడి తెచ్చిన సరుకు బిలోలిలో ఆ రోజుతో చెల్లిపోయినట్టే. సేల్స్‌మన్‌గా దిగులుపడాలి. నేను భాయ్‌ని పిలిచి జీపు తీయమన్నాను.

వెళ్ళేసరికి హోటల్ ముందు కొత్త నల్లాకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది. అక్క ఆ రోజు నాకు చాయ్ ఇవ్వలేదు. నల్లా తిప్పి, గ్లాసు నింపి, నా చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

తాగాను. తియ్యగా ఉన్నాయి. ఇంకో గ్లాసు అడిగాను.